పార్కు కావాలంటే ముందు చెత్త కావాలి

మీ ఊళ్ళో చెత్తకొండ లేదా? అయ్యో పాపం. అయితే మీ ఊరికి పార్కు ఎప్పటికీ రాదు.

ఇది నేను కల్పించి చెప్తున్న మాట కాదు. ఒక పెద్ద ఆఫీసరు గారు స్వయంగా, మైకులో, బస్సు కదులుతుండగా చెప్పిన మాట. అంతవరకూ నేనూ మీలాగే అమాయకంగా ఉండేదాన్ని. ఖాళీ స్థలంలో నాలుగు మొక్కలు నాటి, రెండు ఉయ్యాలలు కడితే పార్కు అయిపోతుందనుకునేదాన్ని. కాదట. పార్కుకి పునాది కావాలి, పునాదికి చెత్త కావాలి. చెత్త ఎంత ఎత్తు లేస్తే పార్కు అంత అందంగా వస్తుంది. బల్లపరుపు నేల మీద పార్కు కట్టుకున్నవాళ్ళకి ఏం కనిపిస్తుంది చెప్పండి, ఎదురింటి గోడ తప్ప?

మాది చిన్న ఊరు. చెత్త విషయంలో మేము మొదటినుంచీ బాగా వెనకబడి ఉన్నాం. కూరగాయల తొక్కలు గేదెలు తినేస్తాయి. పాత బట్టలు మసిగుడ్డలైపోతాయి. సీసాలు పగిలేదాకా, డబ్బాలు తుప్పు పట్టి చిల్లు పడేదాకా వాడతాం. చిల్లు పడ్డాక అందులో మొక్కలు పెడతాం. ఇంత పిసినారితనంగా బతికే ఊళ్ళో కొండ ఎప్పుడు లేస్తుంది? ఊరంతా ఏకమై కష్టపడినా మోకాలెత్తు రాదు.

మా ఈ లోటు గమనించి, మమ్మల్ని ఆదుకోవడానికి పట్టణం ముందుకొచ్చింది.

విషయం ఏమిటంటే, పట్టణంవాళ్ళ పాత చెత్తకొండ నిండిపోయి పార్కు అయిపోయింది. కొత్త చెత్తకి చోటు కావాలి. మా బడి వెనకాల బీడు ఉంది. అది ఊరందరిదీ. ఊళ్ళో పశువులన్నీ అక్కడే మేస్తాయి. అందులో పొద్దున మొదట దిగి సాయంత్రం చివర్న ఇల్లు చేరేవి మా అత్తయ్యవి, మూడు గేదెలు. అత్తయ్యంటే మా నాన్నకి అక్క, మా పక్కిల్లే. మావయ్య పోయిన దగ్గర్నుంచీ ఆ గేదెల పాలతోనే ఆవిడ ఇల్లు నడుస్తోంది. బీడు పట్టణానికి ఇస్తారా, ఇవ్వరా అన్నది ఊరే తేల్చాలన్నారు. సోమవారం బడిలో సభ పెడతారు, చేతులెత్తి చెప్పాలి. ఇస్తే గేదెలకి మేత లేదు. ఇవ్వకపోతే ఊరికి పార్కు లేదు. మీరే చెప్పండి, ఎంత సులువైన ప్రశ్నో!

సభకి ముందు శనివారం మమ్మల్నందరినీ బస్సెక్కించి ఆ పార్కు చూపించడానికి తీసుకెళ్ళారు. కళ్ళారా చూస్తే మనసు మారుతుందని వాళ్ళ నమ్మకం. మా ఇంటినుంచి నానమ్మ, నేను వెళ్ళాం. అత్తయ్య గేదెల్ని మా అమ్మకి అప్పజెప్పి వచ్చి మా వెనక సీట్లో కూర్చుంది.

ఆఫీసరు గారు రెండు మాటలకోసారి ‘ఫ్యామిలీ ఫ్రెండ్లీ’ అనేవారు. పార్కు ఫ్యామిలీ ఫ్రెండ్లీ. దారి ఫ్యామిలీ ఫ్రెండ్లీ. బస్సు కూడా అదేనట. మా ఊరి మలుపు దాటకముందే నానమ్మ ఆయనకి ‘ఫ్యామిలీ సారు’ అని పేరు పెట్టేసింది. సాయంత్రానికి బస్సు మొత్తం అదే అంటోంది, ఆయనకి వినపడకుండా.

“ముప్పై ఏళ్ళ కిందట అది కూడా మీ బీడులాగే ఉండేదమ్మా. పోశాం, పోశాం, పోశాం. ఇవాళ మీరే చూస్తారుగా,” అన్నారు ఫ్యామిలీ సారు.

“అయితే మాకూ ముప్పై ఏళ్ళు పడుతుందా బాబూ?” అంది నానమ్మ.

“ఇప్పుడు టెక్నాలజీ పెరిగింది పెద్దమ్మా. ఇరవై అయిదులో అయిపోతుంది.”

“అయితే చూసే పోతాను,” అంది నానమ్మ. ఆవిడకి డెబ్బై దాటి చాలా కాలమైంది.

“మీ ఇల్లు ఆ పార్కు పక్కనేనా సార్?” అని అత్తయ్య అడిగింది.

“లేదమ్మా, ఊరికి ఆ చివర. నాకు డస్ట్ ఎలర్జీ.”

ఆయన నిజాయితీ నాకు చాలా నచ్చింది. ఎలర్జీ ఉన్న మనిషి కూడా పక్కవాళ్ళ మేలు కోరుతున్నాడంటే మామూలు విషయమా?

పట్టణం పొలిమేర వచ్చేసరికి ఆయన ఇంకో మంచి మాట చెప్పారు. పార్కులో రాలిన ఆకులతో వాళ్ళే ఎరువు తయారుచేస్తారట. తిరుగు ప్రయాణంలో ఇంటికో సంచీ ఇస్తారట, పార్కు తరఫున కానుకగా. అప్పటిదాకా కిటికీల్లోంచి బయటికి చూస్తున్నవాళ్ళందరూ చటుక్కున ఆయన వైపు తిరిగారు. మా ఊరివాళ్ళ ముందు ఎరువు మాట ఎత్తితే అంతే.

ఇక పార్కు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అందంగా ఉంది. కొండంతా పచ్చగడ్డి, మెట్లు, మెట్ల పక్కన రంగురంగుల రాళ్ళు. కొండ చుట్టూ పిల్లల రైలు తిరుగుతుంది. పైన నిలబడితే పట్టణం మొత్తం కనిపిస్తుంది. మా ఊరి బీడు మీద నిలబడితే ఏం కనిపిస్తుంది? గేదెలు. పోలికే లేదు.

గడ్డిలో అక్కడక్కడా పుట్టగొడుగుల ఆకారంలో ఇనప గొట్టాలు నిలబెట్టారు. ఎర్ర టోపీ, టోపీ మీద తెల్ల చుక్కలు. పిల్లలు వాటిని కావలించుకుని ఫొటోలు దిగుతున్నారు. ప్రతి పుట్టగొడుగు పక్కనా ఒక బోర్డు ఉంది, ఇక్కడ నిప్పు వెలిగించరాదు అని. కింద ఇంకా చెత్త కుళ్ళుతూనే ఉంటుందట. ఆ గ్యాసు పోవడానికే ఆ గొట్టాలు. “కొండ ఊపిరి పీల్చుకుంటుందమ్మా,” అన్నారు ఫ్యామిలీ సారు. నానమ్మ వంగి ఒక గొట్టం దగ్గర వాసన చూసింది. “ఊపిరి కాదు బాబూ, దీనికి అజీర్తి చేసింది,” అంది.

చెట్లు తొట్లలో ఉన్నాయి. వేళ్ళు లోతుకి దిగితే కింద పరిచిన ప్లాస్టిక్ పట్టా చిరుగుతుందట. ఎంత సౌకర్యం! చెట్టు నీడ మీకు ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. చెరువు కూడా ఉంది, పడవలున్నాయి. నీళ్ళు ముట్టుకోకూడదు, అంతే. ముట్టుకోవడానికి వీల్లేని నీళ్ళ మీద షికారు చేయడంలో ఎంత క్రమశిక్షణ ఉందో ఆలోచించండి. మా ఊరి పిల్లలైతే నీళ్ళు కనపడగానే దూకేస్తారు.

కొండ మీద టీ దుకాణం ఉంది. అక్కడ కూర్చుంటే కప్పులో టీ ఒక పక్కకి ఒరిగి ఉంది. నేనే వంకరగా పట్టుకున్నానేమోనని కప్పు బల్ల మీద పెట్టాను. అప్పుడూ ఒరిగే ఉంది. దుకాణదారుని అడగాలనుకున్నాను గానీ కొత్తవాళ్ళతో మాట్లాడటం నాకు రాదు. అత్తయ్యే అడిగింది.

“నేల కుంగుతూ ఉంటుందక్కా. నెలకోసారి బల్లల కింద చెక్కముక్కలు పెడతాం. మొన్ననే ఫ్రిజ్జు దానంతటదే గుమ్మం దాకా నడిచొచ్చింది,” అన్నాడతను, ఇంట్లో పిల్లల అల్లరి చెప్పినంత మురిపెంగా.

ఇంకెక్కడైనా ఉందా ఈ సదుపాయం? ఒక్క చోట కదలకుండా కూర్చుని, టీ తాగుతూ, ఏ ఇంధనమూ ఖర్చు లేకుండా కిందికి ప్రయాణం చేయవచ్చు.

మా బల్ల మీదే ఒక పట్టణం ఆవిడ కూర్చుంది. పాపని తోపుడు బండిలో ఊపుతోంది. చాలా మంచి మనిషి. మాకు బిస్కెట్లు ఇచ్చింది.

“ఒకప్పుడు మేము కిటికీలు తెరిచేవాళ్ళం కాదండీ. అన్నంలో ఈగలు. మా పెద్దాడికి ఎప్పుడూ దగ్గే. ఇప్పుడు చూడండి, హాయిగా ఉంది,” అంది.

“మంచిదమ్మా,” అంది అత్తయ్య. “మరి మీ చెత్త ఇకమీదట ఎక్కడికి పోతుంది?”

“ఏమోనండీ. బండి వస్తుంది, తీసుకుపోతుంది. ఎక్కడో దూరంగా వేస్తారట. దూరమైతే చాలు కదా, ఎవరికీ ఇబ్బంది లేకుండా.”

“దూరమే,” అంది అత్తయ్య. “బస్సులో గంటపైన పట్టింది.”

ఆవిడకి అర్థం కాలేదు. ఇంకో బిస్కెట్ ఇచ్చింది. అత్తయ్య తీసుకుని, కాగితం మడిచి కొంగున దోపుకుంది. బిస్కెట్ కాగితం పారేయడం కూడా రాని మనిషి కొండ విలువ ఏం తెలుసుకుంటుంది?

సాయంత్రమైంది. ఫ్యామిలీ సారు వేరే మీటింగు ఉందని కారెక్కి ముందే వెళ్ళిపోయారు. “వెనక గేటు దగ్గర మీ సంచులు రెడీగా ఉంటాయి, తీసుకెళ్ళండి,” అని చెప్పి మరీ వెళ్ళారు.

వెనక గేటు దగ్గరికి వెళ్ళాం. నిజంగానే సంచులు రెడీగా ఉన్నాయి. నల్లటివి, మూతులు బిగించి కట్టినవి, గోడ పొడుగునా వరసగా పేర్చినవి. పక్కన స్టూలు మీద వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు.

“ఏ ఊరు మీది?” అన్నాడు.

అత్తయ్య చెప్పింది.

“బీడున్న ఊరేనా, బడి వెనకాల?”

“అదే బాబూ. నీకెలా తెలుసు?”

“తెలీకేం. అయితే పట్టుకెళ్ళండి, ఎలాగూ అక్కడికి రావలసినవేగా. నాకు ఎత్తే పని తప్పింది.”

ఎంత మర్యాద! ఒక్కో సంచీ ఆయనే లేచి అందించాడు. నానమ్మ రెండు తీసుకుంది. ఇంటికొకటేనని ఎవరో గుర్తుచేస్తే, “మా ఇంటికి రెండు వాకిళ్ళున్నాయి,” అంది. కొందరు మొహమాటపడుతుంటే వాచ్‌మనే బలవంతపెట్టాడు, ఇంకోటి తీసుకోండి, ఇంకోటి తీసుకోండి అని. అంత చేయి తిరిగిన దాతని నేను ఇంతవరకూ చూడలేదు. గోడ దగ్గర ఒక్క సంచీ కూడా మిగల్లేదు. బస్సు పైన సగం, లోపల సగం సర్దుకుని బయల్దేరాం.

ఇక్కడ మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరైనా ఏదైనా ఇస్తే, మా ఊళ్ళో వాళ్ళ కళ్ళముందు విప్పి చూడరు. దారిలో కూడా విప్పరు. ఇంటికి తెచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని విప్పుతారు. అంతకుముందే విప్పితే ఇచ్చినవాళ్ళ మీద నమ్మకం లేదన్నట్టు. అందుకని గంటపైన ప్రయాణంలో ఒక్కరూ ముడి ముట్టుకోలేదు.

వాసన వచ్చింది. రాలేదని నేను చెప్పను. మొదట మేము అందరం అనుమానంగా పక్కవాళ్ళ వైపు చూసుకున్నాం. తర్వాత అందరం సంచుల వైపు చూశాం.

“ఎరువన్నాక వాసన రాదా?” అంది అత్తయ్య.

“బాగా ఘాటుగా ఉందే,” అన్నారు ముందు సీట్లోంచి మా హెడ్మాస్టరు గారు.

“ఘాటుంటేనే సార్ బలం. మీకు తెలీదు, మీవి పాఠాల పంటలు.”

బస్సంతా నవ్వారు. హెడ్మాస్టరు గారూ నవ్వారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

ఇంటికొచ్చి అత్తయ్య కాళ్ళు కడుక్కుంది. దీపం పెట్టే వేళయింది, అయినా ఆగలేకపోయింది. సంచీ పెరట్లోకి తీసుకెళ్ళి, వంగమొక్కల పాదుల పక్కన ముడి విప్పి కుమ్మరించింది. నేను లాంతరు పట్టుకున్నాను.

పగిలిన బెలూన్లు. కేకు అంటుకున్న కాగితపు పళ్ళేలు. టీ కప్పులు. పసిపిల్లల డైపర్లు, బరువుగా ఉన్నవి. ఒక చిన్న చెప్పు, ఎడమ కాలిది. అత్తయ్య కర్రతో కదిపి చూసింది, కింద ఎక్కడైనా ఎరువుందేమోనని.

“ఇంకా మగ్గలేదేమోనే,” అంది నానమ్మ గోడ మీంచి తొంగిచూస్తూ. “ఇరవై అయిదేళ్ళన్నాడుగా.”

అటు వీధి చివరిదాకా పెరళ్ళలో ఒకటే గోల. ఆ సాయంత్రం మా ఊళ్ళో ప్రతి ఇంటా ఒక చిన్న పార్కుకి శంకుస్థాపన జరిగింది. ఆదివారమంతా మేము ఎత్తి మళ్ళీ సంచుల్లో నింపుకున్నాం. డైపర్లు ఎత్తడానికి వంతులు వేసుకున్నాం.

మా ఊరివాళ్ళు ఎవరినీ తప్పుపట్టలేదు. ఎందుకు పడతారు? పాపం, వాచ్‌మన్ పొరపాటు పడి ఉంటాడు, ఎరువు సంచులు ఇంకో గోడ దగ్గర ఉండి ఉంటాయి, ఎవరి వస్తువు వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తే సరి అనుకున్నారు. సోమవారం సభకి వచ్చేటప్పుడు ఎవరి సంచీ వాళ్ళు మోసుకొచ్చారు. మా ఏడో తరగతి గదిలో సభ. సంచులన్నీ గోడ పొడుగునా వరసగా పేర్చారు, అచ్చం పార్కులో పేర్చినట్టే. ఇంటికి రెండు వాకిళ్ళున్న నానమ్మ రెండూ తెచ్చింది.

ఫ్యామిలీ సారు ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. అత్తయ్య లేచి నిలబడింది. చేతిలో తన సంచీ ఉంది.

“సార్, మీ వాచ్‌మన్ చూసుకోక ఎరువుకి బదులు ఇవిచ్చాడు. మీరు తిరిగి తీసుకెళ్ళండి. అతన్ని మాత్రం ఏమీ అనకండి సార్, చాలా మర్యాదస్తుడు.”

ఆయన సంచుల వైపు చూశారు. ఒకటి కాదు, గది చివరిదాకా. ఆయనకి నిజంగానే చికాకు వచ్చింది.

“ఇవి బస్సులో ఎందుకొచ్చాయి? ఇవి లారీలో కదా రావాలి?”

నానమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది.

“ఏ లారీ బాబూ?” అంది నానమ్మ.

“అదే పెద్దమ్మా... మీరు ఒప్పుకుంటే వచ్చే లారీ.”

“ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోకపోవడం ఏమిటమ్మా, లారీ కొనేశాం కదా. ఇప్పుడు దాన్నేం చేసుకోమంటారు?”

ఆ మాట ఆయన ఎంత దిగులుగా అన్నారంటే, ఒక్క క్షణం నాకు ఆ లారీ మీద జాలేసింది. కొత్తది, ఇంకా ఎక్కడికీ వెళ్ళనిది, ఏ ఊరూ రమ్మనక ఎండలో నిలబడి ఉంటుంది కాబోలు.

“నా గేదెలు ఎక్కడ మేయాలి సార్?” అంది అత్తయ్య.

“పార్కు వచ్చాక బోలెడు గడ్డి ఉంటుందమ్మా. మీరు చూశారుగా.”

“అప్పటిదాకా?”

ఆయన వాచీ చూసుకున్నారు. ఆలస్యమవుతోంది, ఓటు పెట్టేద్దాం అన్నారు. గదిలో ఉక్కగా ఉందని హెడ్మాస్టరు గారు ఫ్యాను వేయించారు. ఆ ఫ్యాను సరిగ్గా సంచుల మీద ఉంటుంది. శనివారం నుంచీ ముడి పడి ఉన్న సంచులు, మధ్యలో ఒకసారి విప్పి మళ్ళీ కట్టినవి. మిగతా సంగతి మీకు చెప్పాలా?

“ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి,” అన్నారు ఫ్యామిలీ సారు.

అదే సమయానికి గాలి మా మీదికి కొట్టింది. గదిలో ఉన్నవాళ్ళందరి చేతులూ గబుక్కున ముక్కుల మీదికి లేచాయి. ఫొటోగ్రాఫర్ ఫొటో తీశాడు.

ఒక్క అత్తయ్య చేతులే కిందికి ఉన్నాయి. ఒకటి, ఆవిడ చేతుల్లో సంచీ ఉంది. రెండు, జీవితమంతా పేడ ఎత్తిన మనిషికి ఆ మాత్రం వాసన లెక్కలోకి రాదు.

“ఊరంతా ఒప్పుకుంది. ఒకరు వ్యతిరేకం,” అని ఫ్యామిలీ సారు పక్కనున్న గుమాస్తాకి చెప్పారు. మేము ఒప్పుకోలేదని అందరం ఒకేసారి అరిచాం. ముక్కులు మూసుకుని ఉన్నాం కదా, ఏమంటున్నామో ఆయనకి సరిగా వినపడలేదట. నానమ్మ ముక్కు వదిలేసి మరీ తిట్టింది. అప్పటికి ఆయన కారు గేటు దాటింది. సంచులు మాత్రం గోడ దగ్గరే ఉండిపోయాయి. కొత్త లారీ మొదటి రోజు వచ్చి ముందు వాటినే తీసుకెళ్ళింది, బడి వెనక్కి.

ఆ ఫొటో పేపర్లో వచ్చింది. చూసినవాళ్ళు ఎవరైనా, ఇంత ఉత్సాహంగా చేతులెత్తిన ఊరు ఇంకోటి ఉండదనుకుంటారు. పెద్దవాళ్ళు పట్టణం వెళ్ళి గట్టిగా అడిగితే, ఆఫీసులో ఆ ఫొటోయే చూపించి పంపించారు.

ఇది జరిగి చాలా నెలలైంది. పాఠకులు మా గురించి దిగులు పెట్టుకోవద్దు. పార్కు పనులు చురుగ్గా సాగుతున్నాయి. కొండ ఇప్పుడు బడి కిటికీల ఎత్తు దాటింది. పిల్లలు పాఠం వినకుండా బయటికి చూస్తున్నారని హెడ్మాస్టరు గారు ఒకప్పుడు విసుక్కునేవారు. ఇప్పుడా బెంగ లేదు, కిటికీలన్నీ మూసేశాం. పర్వతాలు ఎలా ఏర్పడతాయో అనే పాఠం మేము పుస్తకం తెరవకుండానే చెప్పగలం. ఈగల వల్ల క్లాసులో నిద్రపోయేవాళ్ళు లేరు. చిన్న తరగతుల్లో సగం మంది దగ్గుతున్నారు కాబట్టి ఎవరు హాజరో టీచరు తలెత్తకుండానే తెలుసుకుంటున్నారు.

అందరికంటే ఎక్కువ లాభపడింది మా అత్తయ్య. పెద్ద గేదె కొండ అంచున మేస్తూ ప్లాస్టిక్ కవర్లు తింది. పశువుల డాక్టరు వచ్చేసరికి పడిపోయింది, మళ్ళీ లేవలేదు. భయపడి మిగతా రెండింటినీ అత్తయ్య అమ్మేసింది. దాంతో ఆవిడకి జన్మలో మొదటిసారి తీరిక దొరికింది. పొద్దున్నే లేవక్కర్లేదు, గడ్డి కొయ్యక్కర్లేదు. అలవాటు కొద్దీ ఇంకా అదే వేళకి లేచి, పాల చెంబు కడిగి బోర్లించి, గుమ్మంలో కూర్చుంటోంది. నేను బడికి వెళ్తూ పలకరిస్తే, “ఏమే, మన పార్కు ఎంతవరకొచ్చింది?” అని అడుగుతుంది. నేను చేత్తో ఎత్తు చూపిస్తాను. “ఫరవాలేదు, తొందరగానే వస్తోంది,” అంటుంది.

అందుకే పట్టణంలో ఉన్న పాఠకులకి మా ఊరి తరఫున నా మనవి. పార్కు పూర్తయ్యాక చూడటం అందరూ చేసేదే. పార్కుని పసితనంలో చూసే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది? ఆదివారం పిల్లల్ని తీసుకుని సకుటుంబంగా రండి. టికెట్ లేదు, గేటు లేదు, వేళలు లేవు. తోపుడు బండిలో పాపని ఊపిన ఆవిడ ఇది చదువుతుంటే ఆవిడా రావాలి, అత్తయ్య ఆవిడని ఒకటి రెండు సార్లు తలుచుకుంది. మా బడి ఆదివారం ఖాళీగానే ఉంటుంది, బెంచీల మీద కూర్చోవచ్చు. అవి ఇంకా ఒరగలేదు. తినడానికి ఏమున్నా మేము పెడతాం, మొహమాటపడకండి.

మంచినీళ్ళు మాత్రం మీరే తెచ్చుకోండి. వెళ్ళేటప్పుడు ఏమైనా మిగిలితే, పారబోయకుండా బడి గుమ్మంలో పెట్టి వెళ్ళండి. సోమవారం మేము తాగుతాం.